ఖాళీ బండి మేస్త్రి

మొన్న మంగళవారం మా ఆయన బిస్సమ్ కటక్‌లో సిమెంటు బస్తాలు దింపి, ఖాళీ పికప్‌తో రాయగడ తిరిగి వస్తూ కొల్నార దగ్గర బండి ఆపి నాకు ఫోను చేశారు.

"కమాన్ల మేస్త్రి పోయేడంట."

"ఎప్పుడు?"

"శనివారం పొద్దున్న. టీ తాగి గ్లాసు కింద పెట్టేడట, అంతే. షెడ్డుకి తలుపు నేదు కదా, అడ్డంగా పెద్ద టైరొకటి నిలబెట్టేరు."

మా ఆయన ఫోను కట్టెయ్యడం మరిచిపోయి బండి కదిలించారు. ఆ రోడ్డు నాకు తెలుసు, గజానికో గుంత. ఖాళీ పికప్ ఏదైనా ఆ రోడ్డు మీద నడిస్తే రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుంటుంది. నా చెవిలో ఇంజను శబ్దం, గాలి శబ్దం తప్ప ఇంకేమీ లేదు. వంటగట్టు దగ్గర నిలబడి ఆ లేని చప్పుడునే చాలాసేపు విన్నాను.

ఆయన పేరు నాకు తెలుసు. కాని ఆ దారిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, నేనూ రాయను. ఎదురుగా మేస్త్రీ అనేవారు, వెనక 'ఖాళీ బండి మేస్త్రి' అనేవారు, కొంచెం నవ్వుతూ. దానికి కారణం ఉంది. లారీల కింద, పికప్‌ల కింద, వెనక చక్రాల దగ్గర ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన వంపు తిరిగిన ఉక్కు పట్టీలుంటాయి. వాటినే కమాన్లంటారు. బరువు మోసేవి అవే. మా వైపు బండి కొన్న ప్రతివాడూ చేసే మొదటి పని ఆ కట్టలో ఇంకో రెండు పట్టీలు ఎక్కించడం. కంపెనీవాడు చెప్పినదాని మీద ఇంకో సగం సరుకు వేసుకోవచ్చని. దాన్ని 'బలం ఎక్కించడం' అంటారు. ఏ కమాన్ల షాపుకి వెళ్లినా మొదటి ప్రశ్న, ఎన్ని టన్నులేస్తావని. ఈయన ఒక్కరే బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఖాళీగా ఎంత దూరం ఎల్తావు?" అని అడిగేవారు.

డ్రైవర్లకి ఆ ప్రశ్న అర్థమయ్యేది కాదు. ఖాళీ బండితో బాధేముంది? అది ఇంటికి పోయే బండి.

"దాని బతుకులో సగం ఖాళీగానే తిరుగుతాది గదా బాబూ," అనేవారు మేస్త్రి. "నిండా బరువున్నప్పుడు ఏ బండైనా బుద్ధిగానే ఉంటాది. ఖాళీ అయ్యేకే తంతాది."

ఆ తన్ను ఎలాంటిదో మాకు మా పాప వల్ల తెలిసింది.

కృప పుట్టిన పన్నెండో రోజున నేను గుడ్డ మారుస్తుంటే దాని తొడ ఎముక విరిగింది. నా చేతుల్లోనే. వేరుశనక్కాయ ఒలిచినప్పుడు వచ్చేంత చప్పుడు. కోరాపుట్ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, పాప ఎముకలు పుట్టుకతోనే పెళుసని, మందు ఉందని, రెండు నెలలకోసారి తీసుకొస్తే సెలైనులో కలిపి ఎక్కిస్తామని చెప్పింది. ఇందులో నీ తప్పేమీ లేదమ్మా అని కూడా చెప్పింది. మిగతావన్నీ ఒక్కసారికే విన్నాను. ఆ చివరి మాట ఇప్పటికీ పూర్తిగా వినలేదు. అప్పటినుంచి పాపని దిండు మీద పడుకోబెట్టి దిండుతో సహా ఎత్తేదాన్ని. మా అమ్మ నర్సుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి ఆమెకి ఇచ్చేదాన్ని. ఇంకెవరు చేతులు చాచినా దిండుతో సహా వెనక్కి జరిగేదాన్ని.

రాయగడ నుంచి కోరాపుట్‌కి నాలుగు గంటల దారి, అందులో సగం కొండ మలుపులే. ఒకసారి రైల్లో వెళ్తే, ఎక్కేటప్పుడు తోపులాటలో ఎవరి ట్రంకుపెట్టో దిండు అంచుకి రాసుకుంటూ పోయింది. ఇంకోసారి అద్దె కారు మాట్లాడుకుంటే డ్రైవరు ఫోనులో మాట్లాడుతూ స్పీడు బ్రేకరు చూసుకోలేదు. పాపకి భుజం దగ్గర ఎముక విరిగింది. ఇక నేను ఒకే ఒక్క మనిషి నడిపితే ఎక్కుతానన్నాను. ఆ మనిషి మా ఆయన. మా ఆయన దగ్గరున్నది ఒకే బండి.

ఆ బండికి అంతకు ముందు ఏడాదే రెండు పట్టీలు బలం ఎక్కించారు. పాస్టరు గారు వచ్చి కొత్త పట్టీల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే నేనూ ఆమేన్ అన్నాను. పాపతో మొదటిసారి ఆ బండెక్కిన రోజు నా కింద మందపాటి స్పాంజి పరుపు వేశారు, ఒళ్లో దిండు. సైకిళ్లు మమ్మల్ని దాటి పోయేంత నెమ్మదిగా నడిపారు. ఊరు దాటకముందే రైలు గేటు దగ్గర పట్టాల మీద బండి వెనక భాగం ఎగిరి పడింది. పాప వెంటనే ఏడవలేదు. ఒక క్షణం నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ క్షణం ఎంత పొడుగుంటుందో చెప్పడం నాకు రాదు. ఈసారి చెయ్యి.

మా ఆయన బండి పక్కకి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నారు. "నానే ఎక్కించేను," అన్నారు. "నానే దగ్గరుండి ఎక్కించేను ఆ పట్టీలు."

మళ్లీ మందుకి వెళ్లాల్సిన తేదీ దగ్గర పడుతోంది. మందు తప్పితే ఎముకలు ఇంకా పెళుసవుతాయి. మందు కోసం బయల్దేరితే దారిలో విరుగుతాయి. అప్పుడే ఒక లారీ డ్రైవరు మా ఆయనతో, "కొల్నార కాడ ఒక ముసిలోడున్నాడు, పిచ్చోడంటారు గానీ సూపించు," అన్నాడు.

పాపని అమ్మ దగ్గర వదిలి నేనూ వెళ్లాను.

మేము వెళ్లేసరికి ఆయన కొలిమిలోంచి ఒక పట్టీని తీసి పట్టకారుతో పట్టుకుని ఉన్నారు. పొట్టి మనిషి, బట్టతల, నడుము దగ్గర ఎప్పుడో వంగి మళ్లీ నిలబడని ఒళ్లు. ఆయన భార్య చీర ఎగదోపుకుని సమ్మెట వేస్తోంది. ఆవిడకీ అరవై దాటి ఉంటాయి. ఆయన కంటితో చూపించిన చోటే ఆవిడ దెబ్బ పడుతోంది. ఇద్దరి మధ్యా మాట లేదు.

"మేస్త్రీ, కమాన్లు సూడాలి," అన్నారు మా ఆయన.

ఆయన తల ఎత్తలేదు.

"గట్టిగా సెప్పు నాయినా," అంది ఆవిడ సమ్మెట దించి. "ఆయనకి మనుషులు ఇనబడరు. ఇనుమొక్కటే ఇనబడతాది."

"ఏటంతంది?" అన్నారాయన.

"మంచోడివంతన్నాను."

"అబద్దం. ఎప్పుడన్నావు?"

నలభై ఏళ్ల సమ్మెట దెబ్బలకి ఆయన చెవులు పోయాయి. అందుకని పళ్లతో వినేవారు. ఇది నేను కళ్లారా చూడకపోతే నమ్మేదాన్ని కాదు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు తీసుకుని, దాని చెక్క పిడిని పళ్ల మధ్య కరిచిపట్టి, మొనని కమాను పట్టీకి ఆనించి, కళ్లు మూసుకుని, బండిని ఊపమని మా ఆయనకి చెయ్యి ఆడించారు. మా ఆయన వెనక మూల పట్టుకుని ఊపారు. ఒక్కో పట్టీ దగ్గరా అలాగే. బీడీ కాల్చుకునేంత సేపు పట్టింది. తర్వాత పిడి నోట్లోంచి తీసి తుడుచుకుని చెప్పారు.

"మూడోదీ నాలుగోదీ తుప్పట్టి అతుక్కుపోయేయి. అవి ఇప్పుడు రెండు కాదు, ఒక్కటే. అడుగున ఈ రెండూ ఎవుడెక్కించేడు?"

"నానే."

"ఎందుకు?"

"బలానికి."

"ఏటి మోస్తావు, కొండా?"

మా ఆయన తల దించుకునే, గొంతు పెంచి, "పాస్టరు గారు ప్రార్థన సేసిన పట్టీలండి," అన్నారు.

"అయితే ఆయనకే ఇచ్చేద్దాం. మీ సర్చికి గంట ఉందేటి?"

"రైలు పట్టా ముక్క ఏలాడదీసేం."

"ఇది దానికన్నా బాగా మోగుతాది."

హాస్యానికి అన్నారనుకున్నాం. కాని ఆ పట్టీల్లో ఒకటి ఇప్పుడు మా చర్చి వాకిట్లో వేలాడుతోంది. నిజంగానే బాగా మోగుతుంది.

ఆయన నా వైపు తిరిగి, ఈ అమ్మి ఎందుకొచ్చిందన్నట్టు చూశారు. నేను చెప్పాను. వినిపించలేదు. మళ్లీ చెప్పాను. చివరికి గొంతెత్తి, "మా పాప ఎముకలు విరిగిపోతాయండీ, బండి కుదిపితే విరిగిపోతాయి," అని అరిచాను. ఎదురుగా టీ కొట్టులో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. అంతవరకూ ఆ మాట నేను ఎవరికి చెప్పినా గుసగుసగానే చెప్పాను. రోడ్డు మీద అరిచాక ఆ మాట కొంచెం తేలికైనట్టనిపించింది, ఎందుకో తెలీదు.

అయ్యో అనలేదాయన. దేవుడి దయ అనలేదు. "ఎంత బరువు?" అన్నారు.

"ఆరు కిలోలు."

"నువ్వెక్కడ కూకుంతావు?"

చూపించాను. ఆయన సీటు మీద పరుపుని వేలితో నొక్కి చూశారు.

"ఇదెందుకు?"

"మెత్తగా ఉంటుందని."

"పరుపు దెబ్బని దాస్తాది, తినదు. తినీది కిందన ఉండాలి. మూడ్రోజులు బండి ఇక్కడొగ్గీ."

నేను డిగ్రీ సైన్సు చదివాను. స్ప్రింగు మీద ఎంత బరువు వేస్తే ఎంత సాగుతుందో పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ మూడు రోజులూ ఆ షెడ్డులో కూర్చుని చూశాక, నేను రాసినది స్ప్రింగు గురించి కాదని తెలిసింది.

బలం పట్టీలు రెండూ తీసేశారు. మిగిలిన కట్టంతా విప్పి, ఒక్కో పట్టీని కిరసనాయిలుతో కడిగి, గోకి, చివర్లు ఆకురాయితో గుండ్రంగా అరగదీశారు. ఒకదాని మీద ఒకటి ఒరుసుకోకుండా జారాలని వాటి చివర్ల మధ్య నున్నటి ప్లాస్టిక్ బిళ్లలు పెట్టారు. అన్నిటికన్నా అడుగున ఉండే లావు పట్టీని కొలిమిలో పెట్టి, భార్య చేత సమ్మెట వేయించి, వంపు తగ్గించారు. బండి ఖాళీగా ఉన్నప్పుడు అది పైవాటికి తగలదు. మధ్యలో వేలు పట్టేంత సందు. సరుకు ఎక్కాక పైవి కిందికి దిగి దాని మీద కూర్చుంటాయి.

"బస్తాలొచ్చేకే దాన్ని లేపాలి," అన్నారు. "సిన్న పనికి ఇంట్లో ముసిలోడిని లేపుతామేటి?"

"లేపుతాం. అందుకే గదా నిన్ను లేపేను," అంది ఆవిడ.

టైర్లలో గాలి సగానికి తీశారు. టైరు పోతుంది కదా అని మా ఆయన గట్టిగా అంటే, "బరువెక్కితే గాలి కొట్టు, దిగితే తియ్. బద్దకమా?" అన్నారు. రెండు గోనె సంచుల్లో తడి ఇసుక నింపి, వెనక ఇరుసుకి జానెడు ముందు, సరిగ్గా అక్కడే, పడుకోబెట్టారు. జానెడు వెనక్కి జరిపితే కోప్పడ్డారు. సీటు కింద చెక్క పీకేసి, పాత ట్యూబుని పట్టీలుగా కోసి నవారు మంచంలా అల్లారు.

తర్వాత పరీక్ష. ఆ పరీక్ష ఇంకెవరికైనా తట్టి ఉండేదా అని ఇప్పటికీ అనుకుంటాను. ఆవిడ ఆరు కిలోల చోళ్లు, అంటే రాగులు, తూచి పాత చీర ముక్కలో మూట కట్టింది. ఆ చోళ్ల మధ్య మధ్య కాల్చిన అప్పడాలు ఆరు పెట్టింది. మూటని దిండు మీద పెట్టి నా ఒళ్లో ఉంచారు. మా ఆయన మామూలుగా నడపాలి, కొల్నార రైలు గేటు దాకా వెళ్లి రావాలి.

మొదటిసారి వచ్చి మూట విప్పితే అప్పడాలు లేవు, పొడి ఉంది. మేస్త్రి ఆ పొడి చిటికెడు నోట్లో వేసుకుని, "ఉప్పెక్కువైంది," అన్నారు భార్యతో. మళ్లీ బండి కిందికి దూరారు. రెండో రోజుకి మూడు నిలిచాయి. మూడో రోజు మధ్యాహ్నానికి ఒక్కటే విరిగింది. ఆయన ఆ విరిగినదాన్ని వెలుతురుకి పెట్టి, బీట ఎటు నుంచి ఎటు పోయిందో చూసి, "కుడేపు ఎనకాల," అన్నారు.

నాకు సంతోషంగా ఉంది. అలసిపోయి కూడా ఉన్నాను. "ఒకటేగా మేస్త్రి గారూ, ఇక చాలండి," అని గట్టిగా చెప్పాను.

ఆయన చేతిలో అప్పడం ముక్కలతో నా వైపు చూశారు.

"ఇందాకటి నుంచీ నువ్వు దీన్ని అప్పడం అనుకుంతన్నావేటమ్మీ?"

ఆయన కుడి వైపు చక్రం విప్పారు. సాయంత్రం టీ కొట్టువాడు పొయ్యి ఆర్పే వేళకి ఆరుకి ఆరూ నిలిచాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ఆయన మాత్రం మూటలో చెయ్యి పెట్టి, ఒక్కొక్కటే బయటికి తీసి, ఆరూ రెండుసార్లు లెక్కపెట్టారు. "ఇప్పుడేటి సెయ్యాలి వీటిని?" అంది ఆవిడ. "అన్నంలోకి," అన్నారు మేస్త్రి. అక్కడే గంజన్నంలో నంజుకుని తిన్నాం.

కోరాపుట్ వెళ్లే రోజు తెల్లారేసరికి ఆయన మా ఇంటి ముందున్నారు, బస్సెక్కి వచ్చి. "రోడ్డు మారితే ఇనుము మాట మారుతాది," అని వెనక ఎక్కి ఇసుక మూట మీద కూర్చున్నారు. ముందు కూర్చోమని మా ఆయన ఎంత బతిమాలినా వినలేదు. స్క్రూడ్రైవరు పళ్ల మధ్య పెట్టుకుని, మొన బండి ఇనప అంచుకి ఆనించి, నాలుగు గంటలు. వెనక అద్దంలోంచి నాకు ఆయన బట్టతల కనిపిస్తూనే ఉంది. అది కిందికీ మీదికీ కదులుతోంది. నా ఒళ్లో దిండు కదలడం లేదు. కదలడం లేదంటే బొత్తిగా అని కాదు, పడవ కదిలినట్టు కదులుతోంది. రెండుసార్లు అద్దం మీద తట్టి బండి ఆపించారు, ఒకసారి గాలి తీశారు, ఒకసారి మూటలు నాలుగు వేళ్లు ముందుకి జరిపారు. కొండ మలుపుల్లో పాప నిద్రపోయింది. ప్రయాణంలో అది నిద్రపోవడం అదే మొదటిసారి. నాకు భయం వేసి రెండు మూడుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఆసుపత్రి ముందు దిగేసరికి ఆయన ముఖమంతా ఎర్రదుమ్ము, కళ్లొక్కటే ఉన్నాయి. పాప ఎలా ఉందని అడగలేదు.

"లక్ష్మీపూర్ దాటేక వంతెన మీద కుడేపు ఒకటి తగిలింది. పాపకి తెలిసిందా?"

"నిద్రపోతోంది."

"అయితే సరే. నాకు తెలిసింది."

డాక్టరమ్మ పాప చేతులూ కాళ్లూ తడిమి చూసి, ఈసారి కొత్తగా ఏమీ విరగలేదే, ఎలా తెచ్చారని అడిగింది. పికప్‌లో అన్నాను. నమ్మలేదు.

ఆ తర్వాత మూడేళ్లు, ప్రతి ప్రయాణానికి ముందు రోజు మా బండి కొల్నార షెడ్డు ముందు ఆగేది. మా ఆయన ఇప్పుడు ఇదివరకటి కన్నా తక్కువ బస్తాలు వేస్తారు. సాటి డ్రైవర్లు 'ఉయ్యాల బండి' అని వెక్కిరిస్తారు. పట్టించుకోరు. నేను వెళ్లినప్పుడల్లా ఒక నాటకం తప్పకుండా చూసేదాన్ని. ఎవడో ఒకడు వచ్చి బలం ఎక్కించమంటాడు. మేస్త్రి సరేనని, వాడి ఖాళీ బండి వెనక వాణ్నే కూర్చోబెట్టి, బండి ఇంకొకరి చేత రైలు గేటు దాకా తోలించి తెప్పిస్తారు. దిగాక, "ఎన్ని పట్టీలెయ్యమంతావు?" అని అడుగుతారు. ఒకసారి బొయిపరిగుడ నుంచి వచ్చిన ఒడియా డ్రైవరు నడుము పట్టుకుని దిగి, "మౌసా, ఉన్నదాంట్లో ఒకటి తీసెయ్," అన్నాడు. మౌసా అంటే బాబాయని. ఆ రోజు ఆయన భార్య సమ్మెట కింద పడేసి నవ్వింది.

పాపని మాత్రం ఆయన ఎన్నడూ ముట్టుకోలేదు. దగ్గరికి తెస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవారు. "ఇనుముకి అలవాటైన సేతులు, ఎంత నొక్కుతాయో నాకే తెల్దు," అనేవారు. ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. మనుషుల చేతుల గురించి నేను పడే భయం ఆయనకి చెప్పకుండానే తెలిసింది.

అందుకే ఒకరోజు నేను ఆయన దగ్గరికి నావైపు సాక్ష్యం కోసం వెళ్లాను.

పాపకి మూడేళ్లు నిండాయి. మందు పని చేస్తోంది, ఇక నిలబెట్టమని డాక్టరమ్మ చెప్పింది. ముందు నీళ్లలో, తర్వాత నేల మీద. బరువు పడని ఎముక గట్టిపడదంది. ఆర్నెల్లు దాటవేశాను. జలుబు అన్నాను, ఎండలు అన్నాను. మా ఆయన చెప్పి చూశారు, అమ్మ చెప్పి చూసింది. ఈ ఒక్క మనిషి మాత్రం నన్ను అర్థం చేసుకుని, వద్దు, ఇలాగే మెత్తగా ఉంచు అంటారనుకున్నాను.

నేను చెప్పినదంతా విని, "మరెందుకు నిలబెట్టలేదు?" అన్నారు.

"విరిగితే?"

"ఇరిగితే ఇరుగుతాది."

నా ముఖం చూసి కాస్త తగ్గారు. "నాను కట్టిన కమాన్లూ ఇరిగేయి అమ్మీ. మళ్లీ కట్టేను. అసలు ఇరక్కూడదంటే బండిని జాకీ మీదే ఒగ్గీయాలి. అప్పుడది బండి కాదు."

నాకు కోపం వచ్చింది. ఇనుమూ పాపా ఒకటేనా అని అడుగుదామనుకున్నాను. ఈలోగా ఆయన లేచి, షెడ్డులో ఎత్తి పెట్టి ఉన్న ఎవరిదో పికప్ దగ్గరికి నన్ను పిలిచి, జాకీ పిడి నా చేతికిచ్చారు.

"దించు."

తిప్పాను. ఒక్కసారే చాలా తిప్పాను. బండి దబ్బున కూర్చుంది. ఆయన మళ్లీ ఎత్తారు. "పావు తిప్పు. ఆగు. కమాను మొదటి బరువు అందుకున్నప్పుడు పిడి నీ సేతిలో కొంచెం తేలికవుతాది. అక్కడాగు. అది సర్దుకుంతాది. అప్పుడు ఇంకో పావు."

రెండోసారీ రాలేదు. మూడోసారి తెలిసింది. పిడి బిగువు నా మణికట్టులో సడలిన ఆ చోటు. నేను ఆగాను. కింద పట్టీలు ఒకదాని మీద ఒకటి మెల్లగా జారి కూర్చున్నాయి. ఆయన పళ్లకి స్క్రూడ్రైవరు అక్కర్లేకుండానే తల ఊపారు.

మర్నాడు పొద్దున్న పాపని తీసుకెళ్లాం. ఆవిడ అప్పటికే పంక్చర్లు చూసే సగం డ్రమ్ముని సబ్బేసి, బూడిదేసి, లోపలా బయటా తోమి పెట్టింది. అంచులకి గోనె చుట్టింది. కొలిమి మీద నీళ్లు కాచి, మోచెయ్యి పెట్టి చూసి, చన్నీళ్లు కలిపింది. మా ఆయన బండి దగ్గరే నిలబడిపోయారు, దగ్గరికి రాలేకపోయారు.

పాపని చంకల కింద పట్టుకుని నీళ్లలోకి దించాను. నీళ్లు దాని ఛాతీ దాకా వచ్చాయి. పాదాలు అడుక్కి తగలడం నా చేతులకి తెలిసింది. ఆగిపోయాను.

"తగిలింది," అన్నాను గట్టిగా.

మేస్త్రి డ్రమ్ముకి అవతల గొంతుక్కూర్చున్నారు. పాపని చూడడం లేదు. నా మోచేతుల్ని చూస్తున్నారు.

"బరువంతా ఇంకా నీ కాడే ఉందమ్మీ. పావు ఒగ్గు."

ఒదిలాను.

"ఆగు. సర్దుకోనీ. ఇంకో పావు."

నా చేతుల్లో బరువు తగ్గింది. కొంచెమే. నీళ్లు మోస్తున్నది కాక, నేను మోస్తున్నది కాక, మిగిలిన ఆ కాస్తా ఎక్కడికి వెళ్లిందో నాకు తెలుసు. చప్పుడు కోసం ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. ఏ చప్పుడూ రాలేదు. కృప తల ఎత్తి నా ముఖంలోకి చూసి, ఆశ్చర్యంగా, మెల్లగా అంది:

"అమ్మా, కింద ఏటో ఉంది."